లినక్స్ వాడుకదారుల కోరికలు – మన రెండు లిపుల అవసరాలు

1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీవారు ఒక లేజర్ ముద్రణ యంత్రాన్ని బహూకరించారు. యంత్రం మేలైనదే కాని, అందులో కాగితం తరచుగా ఇరుక్కొనేది. అంతకు పూర్వమున్న యంత్రంలో కాగితం ఇరుక్కొన్న మరుక్షణమే వాడుకదారుల తెరలపై ఆ సమాచారం కనిపించేటట్లు ప్రయోగశాలవారు దాని సాఫ్ట్‌వేర్‌ను తామే సవరించుకొన్నారు. కొత్త యంత్రానికి అట్లు చేయుటకు వీలు కలగలేదు. దాని సోర్సు కోడును, అనగా ప్రోగ్రాము యొక్క మూలపాఠాన్ని, ఎవరూ ఇవ్వలేదు. ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్ దీనినొక అన్యాయంగా భావించాడు. అందరూ చదివి, సవరించి, పంచుకొనగల ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి ఆయన 1983 సెప్టెంబరులో పిలుపునిచ్చాడు. దానికే గ్నూ అని పేరు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెల్ దానికి తోడైనది. ఆ రెండింటి కలయికనే నేడు సామాన్యంగా లినక్స్ అని పిలుస్తున్నాము.

కనుక లినక్స్ చరిత్ర ఒక తీరని కోరికతోనే ఆరంభమైనదని చెప్పవచ్చును. ఇంటర్నెట్టును నడిపే పెద్ద యంత్రాలలో అత్యధిక భాగం నేడు లినక్స్ మీదనే పనిచేస్తున్నవి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. బల్లమీది కంప్యూటరు విషయానికి వస్తే మాత్రం స్థితి వేరు. 2024 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలోని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో లినక్స్ వాటా సుమారు 4 శాతం. ఈ కొద్దిమంది వాడుకదారులు కోరుతున్నదేమి? ఆ కోరికలలో ఉర్దూ, తెలుగు విద్యార్థులమైన మనకు సంబంధించినవెన్ని? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ పరిశీలింపదలచాము.

ఏ దేశంలో అడిగినా మొదట వినవచ్చే కోరిక ఒకటే. అడోబీ కంపెనీవారి ఫోటోషాప్, ఇన్‌డిజైన్ వంటి ప్రోగ్రాములు లినక్స్ మీద నడవాలని. మన దేశంలో లెక్కలు వ్రాసే వర్తకులు ట్యాలీ రావాలంటారు. కార్యాలయాలవారు మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో తయారైన పత్రం లిబ్రెఆఫీసులో తెరచినపుడు పంక్తులు చెదరకుండా ఉండాలంటారు. ఆటలు ఆడేవారి కోరిక చాలవరకు నెరవేరినట్లే. 1993లో ఆరంభమైన వైన్ అను ప్రోగ్రాము విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించుటకు యత్నిస్తూ వచ్చినది. దాని ఆధారంగా వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్‌ను విడుదల చేసిన తరువాత వేలకొలది ఆటలు లినక్స్‌పై ఆడుటకు వీలైనది. ఆటల సంగతి అంతటితో విడుతుము.

ఈ కోరికలను మేము రెండు తెగలుగా విభజిస్తాము. ఫలానా కంపెనీ తన ప్రోగ్రామును లినక్స్‌కు కూడా తయారు చేయాలన్నది మొదటి తెగ. దీని నిర్ణయం పూర్తిగా ఆ కంపెనీ చేతిలో ఉన్నది. 4 శాతం వాడుకదారుల కొరకు అంత శ్రమ గిట్టుబాటు కాదని వారు లెక్క వేసుకొంటే, మనం వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. చేతిలో ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఒక గుణం లోపించినది, దానిని పూరించాలన్నది రెండవ తెగ. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పత్రికలలో మొదటి తెగను గూర్చిన చర్చయే ఎక్కువ. మన భాషల భవిష్యత్తు మాత్రం రెండవ తెగపై ఆధారపడి ఉన్నదని మా అభిప్రాయం.

ఇందుకు ముందుగా మన లిపులు యంత్రంలో ఎట్లు రూపొందునో తెలిసికొనవలెను. ఆంగ్లంలో ఒక అక్షరానికి ఒక సంకేతం, ఒక ఆకారం. తెలుగులో అట్లు కాదు. ‘స్త్రీ’ అను మాటను తీసికొనండి. కంటికి కనిపించేది ఒకే అక్షరం. యూనికోడ్ పద్ధతిలో మాత్రం అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర ఈకారపు గుడి. ఈ ఆరింటిని కూర్చి, ఒత్తులను క్రిందికి దింపి, గుడిని పైకెక్కించే పని ఫాంటు ఒక్కటే చేయలేదు. దానికి లిపి నియమాలు తెలిసిన ప్రోగ్రాము మరొకటి కావలెను. లినక్స్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. ఉర్దూ విద్యార్థులు ఈ పేరు వినగానే గుర్తుపట్టగలరు. ఫారసీలో హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. కంపెనీలవారు తమ తమ ప్రోగ్రాములలో దాచుకొన్న ఈ విద్యను హార్ఫ్‌బజ్ అందరికీ తెరచి ఇచ్చినది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీసు, ఆండ్రాయిడ్ అన్నీ నేడు దానినే వాడుతున్నవి. లినక్స్ తెరపై తెలుగు నేడు చక్కగా కనిపించుటకు కారణమిదే. పోతన, వేమన ఫాంట్ల నుండి నేటి మండలి, రామభద్ర, సురవరం ఫాంట్ల వరకు ఉచితంగా లభిస్తున్నవి. కీబోర్డులలోను ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, రోమను లిపిలో కొట్టే ఆర్.టి.ఎస్. పద్ధతులన్నీ అందుబాటులో ఉన్నవి.

అయినను చిన్న లోపాలు పీడిస్తూనే ఉన్నవి. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాయవలెనన్నచో టకారపు పొల్లు తరువాత కంటికి కనిపించని విభజక చిహ్నమొకటి ఉంచవలెను. లేకున్న వకారం టకారం క్రిందికి ఒత్తుగా దిగిపోవును. ఆ చిహ్నం ఏ మీట నొక్కితే వచ్చునో చెప్పగల విద్యార్థులు అరుదు. అది కీబోర్డు పటంపై స్పష్టంగా కనిపించాలన్నది చూచుటకు అల్పమైన కోరిక, వాడుకలో మాత్రం ప్రతిదినపు అవసరం.

ఉర్దూ సమస్య ఇంతకంటె జటిలం. నస్ఖ్ లిపి సమతలంపై నడచును. నస్తలీఖ్ అట్లు కాదు. పదం కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి వాలుగా జారును. ఒక అక్షరం ఎంత ఎత్తున నిలువవలెనో దాని తరువాత వచ్చే అక్షరాలను బట్టి ఉండును. అందువలననే ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబుల కలంపై ఆధారపడినవి. 1981లో అహ్మద్ మీర్జా జమీల్ సుమారు 20,000 అక్షరసంయోగాలను కూర్చగా, మోనోటైప్ కంపెనీ సహకారంతో నూరీ నస్తలీఖ్ రూపొందినది. లాహోరులోని జంగ్ దినపత్రిక అదే సంవత్సరం దానితో అచ్చైనది. ఒక్కొక్క సంయోగాన్ని ముందుగానే గీసి దాచుకొనుట ఆ పద్ధతిలోని రహస్యం. అక్షరాలను అప్పటికప్పుడు నియమానుసారం పేర్చే నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంటును గూగుల్ 2014లో ఉచితంగా విడుదల చేసినది. ఫాంటు వచ్చినది గాని, దానికి తగిన చోటు ఇంకను పూర్తిగా ఏర్పడలేదు. వాలుగా జారే లిపికి ఎత్తైన పంక్తి కావలెను. ఆంగ్లానికి సరిపడునట్లు కొలిచిన మెనూలలో ఉర్దూ పదాల తలలు, పాదాలు తెగిపోవుట కద్దు. ప్రత్యేకంగా అమర్చుకొననిచో ఉర్దూ మాటలు పెక్కు లినక్స్ తెరలపై నస్ఖ్‌లోనే కనిపించును. చదువుటకు వీలైనదే కదా అని ఇతరులు అనవచ్చును. ఉర్దూ చదివేవాని కంటికి అది పరాయి ముఖం.

తెరనుండి కాగితానికి వచ్చినపుడు అసలు చిక్కు ఎదురగును. ఇటువంటి ద్విభాషా సంచికలు మన ప్రాంతంలో సాధారణంగా ఎట్లు తయారగునో పాఠకులకు తెలియనిది కాదు. ఉర్దూ భాగాన్ని 1994లో ఢిల్లీ కేంద్రంగా వెలువడిన ఇన్‌పేజ్‌లోను, తెలుగు భాగాన్ని అను ఫాంట్లతో పేజీమేకర్‌లోను కంపోజు చేయుదురు. పేజీమేకర్ 1985లో పుట్టినది, దాని చివరి కూర్పు 2001 నాటిది. తయారుచేసిన కంపెనీయే దానిని విడిచిపెట్టినను మన డి.టి.పి. ఆపరేటర్లు విడువలేదు. వారిది మూర్ఖపు పట్టుదల కాదు. యూనికోడ్ తెలుగు ముద్రణకు పనికిరాని కాలంలో వారికి పని గడచినది దానితోనే.

అను వంటి పాత ఫాంట్లలో నిజానికి తెలుగు సంకేతాలు ఉండవు. ఆంగ్లాక్షరాల సంకేతాలపై తెలుగు ముక్కల ఆకారాలు అతికింపబడి ఉండును. ఫాంటు తీసివేసినచో వ్యాసమంతయు అర్థంలేని ఆంగ్లాక్షరాల కుప్పగా మిగులును. లిబ్రెఆఫీసు 2015 నాటి 4.4వ కూర్పు నుండి పేజీమేకర్ ఫైళ్ళను తెరవగలుగుతున్నది. ఇది గొప్ప మేలే. తెరచిన పిమ్మట మనకు దొరికేది ఆ కుప్పయే. దానిని యూనికోడ్ తెలుగులోనికి మార్చు పరికరాలు కొన్ని ఉన్నవి గాని, మార్చిన ప్రతిని ఆద్యంతం సరిచూడక తప్పదు. తెలుగు, ఉర్దూ భాషలలో ఇరవై, ముప్పై సంవత్సరాలుగా కంపోజు చేసిన కళాశాల సంచికలు, చిన్న పత్రికలు, కవితా సంపుటాలు ఈ విధంగా పాత యంత్రాలలో తాళం వేయబడి ఉన్నవి. ఆ యంత్రం చెడినపుడు తాళంతోబాటు లోపలిదీ పోవును. కనుక లినక్స్‌కు పేజీమేకర్ కావాలని మేము కోరము. ఇన్‌పేజ్ ఫైలునూ అను ఫైలునూ తెరచి, శుద్ధమైన యూనికోడ్‌గా మార్చి, శీర్షికలు, పద్యపాదాల విరుపులు చెదరకుండా అప్పగించే ఒక సాధనం కావాలని కోరుతాము. మా దృష్టిలో కోరికలన్నింటిలో ఇది అగ్రస్థానంలో ఉండదగినది.

కొత్త సంచికల సంగతి అంత నిరాశాజనకం కాదు. స్క్రైబస్ అను పుటల కూర్పు ప్రోగ్రాము లినక్స్‌పై ఉచితంగా లభించును. ముద్రణాలయం కోరే నాలుగు రంగుల విభజనతో పి.డి.ఎఫ్. తయారు చేయగలదు. చాలకాలం దానికి మన లిపులు రాలేదు. ఒత్తులు విడిపోయేవి, ఉర్దూ ఎదురు దిశలో నడిచేది. 2017లో దాని ప్రయోగాత్మక కూర్పులోనికి హార్ఫ్‌బజ్ ఆధారిత విధానం ప్రవేశించినది. ఆ కృషిలో ఒమన్ దేశపు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తల పాత్ర గణనీయం. అరబ్బీ కొరకు వారు పడిన శ్రమ ఫలితం తెలుగుకు కూడా దక్కినది. 2024లో వెలువడిన 1.6వ కూర్పుతో అది సామాన్య వాడుకదారులకు అందినది. ఇంకను కోరదగినవి లేకపోలేదు. కుడి అట్టనుండి ఉర్దూ, ఎడమ అట్టనుండి తెలుగు మొదలై నడుమ కలిసికొనే సంచికను పుటసంఖ్యలతో సహా ఒకే ఫైలులో తేలికగా నిర్వహించుకొనే సౌకర్యం వానిలో ఒకటి.

అక్షరదోషాల పరీక్ష మరొక క్షేత్రం. లిబ్రెఆఫీసు వాడే హన్‌స్పెల్ అను పరీక్షకం మొదట హంగేరియన్ భాష కొరకు నిర్మింపబడినది. ఆ భాషలోను మన తెలుగులోవలెనే ప్రత్యయాలు మాటకు అంటుకొని నడచును. అయినను తెలుగులో దాని పని అంతంతమాత్రం. ‘ఇల్లు’ తెలిసిన పరీక్షకం ‘ఇంటికి’, ‘ఇంట్లోనుంచి’, ‘ఇంటివాళ్ళకైనా’ అను రూపాలన్నింటిని గుర్తింపవలెను. గుర్తింపలేక సరియైన మాటల క్రింద ఎర్రగీత గీయును. పుటనిండా ఎర్రగీతలు చూచినవాడు విసిగి పరీక్షకాన్నే ఆపివేయును, అసలు తప్పులు అట్లే అచ్చునకు పోవును. లోపమిక్కడ యంత్రానిది కాదు. సంధులను, విభక్తులను నియమాలుగా వ్రాసి ఇచ్చినవారు చాలకపోవుటయే. ఇది తెలుగు శాఖ విద్యార్థులు చేయదగిన పని. దీనికి ప్రోగ్రామింగ్ కంటె వ్యాకరణ జ్ఞానమే ఎక్కువ అవసరం.

దృష్టిలోపం కల విద్యార్థుల కోరికను కూడ ఇక్కడ చెప్పక తప్పదు. తెరపైనున్నది చదివి వినిపించే ఓర్కా లినక్స్‌లో కలదు, తెలుగు పలికే ఈస్పీక్ గొంతును ఉన్నది. ఆ గొంతు రేకుడబ్బాలో రాళ్ళు కదలినట్లుండును. గంటలకొలది పాఠాలు వినవలసినవారికి సహజమైన గొంతు విలాసవస్తువు కాదు.

ఈ విచారమంతా ఇప్పుడేల అని కళాశాల నిర్వాహక సంఘంవారు అడుగవచ్చును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 నియమానుసారం నడువవలెనన్న టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటు ఉండవలెను. చాల కళాశాలల ప్రయోగశాలల్లోని పాత యంత్రాలకు అది లేదు. యంత్రం బాగుగా పనిచేయుచుండగనే దానిని పారవేయవలెనా, లినక్స్‌కు మార్చవలెనా అన్న ప్రశ్న వాయిదా వేయదగినది కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య ఏండ్లుగా లినక్స్ మీదనే సాగుతున్నది. కనుక పాఠాలకు అది చాలునా అన్న సందేహం అక్కరలేదు. మన ప్రయోగశాల మారవచ్చును. మన సంచిక మారగలదా అన్నదే మిగిలిన ప్రశ్న, దాని సమాధానం పైన చెప్పిన కోరికలలో ఉన్నది.

కోరికను తెలియజేయు పద్ధతిని గూర్చి విద్యార్థి మిత్రులకు ఒక మాట. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అని వ్రాసిన ఫిర్యాదుతో నిర్మాతలు ఏమీ చేయలేరు. వారిలో పెక్కుమందికి తెలుగు చదువరాదు. ఏ ప్రోగ్రాము, ఎన్నవ కూర్పు, ఏ ఫాంటు, ఏ మాట అన్నవి వ్రాసి, తెరపై కనిపించిన రూపపు చిత్రాన్ని, కనిపించవలసిన రూపపు చిత్రాన్ని ప్రక్కప్రక్కన జతపరచవలెను. ఉర్దూ విద్యార్థి తెగిపోయిన పదాన్ని, తెలుగు విద్యార్థి విడిపోయిన ఒత్తును ఇట్లు చూపినచో, భాష తెలియని నిర్మాత సైతం లోపమెక్కడున్నదో పట్టుకొనగలడు.

సంఘంవారికి మా విన్నపం స్వల్పం. రాబోయే సంచిక ఎక్కడ, ఏ ప్రోగ్రాములో అచ్చైనను, ప్రతి వ్యాసం యొక్క యూనికోడ్ ప్రతిని రచయితనుండి ముందుగానే తీసికొని గ్రంథాలయంలో భద్రపరచవలెను. పాత సంచికల ఇన్‌పేజ్, పేజీమేకర్ ఫైళ్ళు ముద్రణాలయంవారి వద్ద ఇంకను ఉన్నచో, ఆ యంత్రాలు మూలపడక మునుపే అడిగి తెప్పించవలెను.