అడ్మిరల్ బూత్ ప్రేమకథ రాయాలంటే

చారిత్రక కథలో చేయి తిరగాలనుకునేవారికి నేను చెప్పే పేరు టర్నర్. పెద్ద పేరున్న ఈ ఇంగ్లిష్ చిత్రకారుడు పెళ్లి చేసుకోలేదు. మార్గేట్ అనే సముద్రతీర పట్నంలో తనకు గది అద్దెకిచ్చిన సోఫియా బూత్‌కు దగ్గరయ్యాడు. 1833లో ఆమె భర్త పోయాడు. ఆమె టర్నర్ కంటే ఇరవై ఏళ్లకు పైగా చిన్నది. 1846లో లండన్‌లోని చెల్సీలో, థేమ్స్ ఒడ్డున చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. ఇరుగుపొరుగుకు ఆయన 'మిస్టర్ బూత్'. నౌకాదళంలో చేసి రిటైరయ్యాడనుకుని 'అడ్మిరల్' అనేవారు.

ముందు కాగితాన్ని నిలువునా మడవండి. ఎడమవైపు రుజువున్నవి, కుడివైపు ఎవరికీ తెలియనివి. కథ కుడివైపు పుడుతుంది, ఎడమవైపు మాత్రం ఒక్క అక్షరం చెరపకూడదు. పిసినారితనాన్నీ అక్కడే ఉంచండి. ఇంటి ఖర్చుకు మొదటి ఏడాది తప్ప ఆయన పైసా ఇవ్వలేదని సోఫియా మరో చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్‌తో చెప్పుకుంది. ప్రేమకథకు ఇది మచ్చ అనుకుని దాస్తే మిగిలేది క్యాలెండర్ బొమ్మే.

తర్వాత కాలాన్ని కుదించండి. జీవితమంతా వద్దు, ఒక్క చలికాలం చాలు. నేనైతే 1849 చివర మొదలుపెడతాను. మరుసటి ఏడాది రాయల్ అకాడమీ ప్రదర్శనకు ఆయన ఆఖరిసారిగా నాలుగు చిత్రాలు పంపాడు. నాలుగూ ఈనియాస్, డైడోల కథవే: ఓడెక్కి వెళ్లిపోయే వీరుడు, వాణ్ని వలచిన రాణి. కాన్వాసులు వరసగా పెట్టి, ఒకదాని దగ్గర్నుంచి మరోదాని దగ్గరికి తిరుగుతూ వేసేవాడని సోఫియాయే చెప్పింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి అటూ ఇటూ నడుస్తున్నాడు, గుమ్మంలో ఆమె నిలబడింది. ఇక్కడ 'నన్నూ ఇలాగే వదిలేస్తావా?' అని ఆమె చేత అనిపించాలని చేయి దురద పెడుతుంది. అనిపించకండి. బొగ్గుల బకెట్ పట్టుకుని, గౌను అంచు తడి రంగుకు తగలకుండా ఎత్తి నడిచిందని రాయండి. పాఠకుడికి అంతకంటే అక్కర్లేదు.

కథ ఆమె కళ్లతోనే సాగాలి. ఆయన బుర్రలోకి దూరితే ప్రతి వాక్యం చిత్రకళ పాఠమవుతుంది.

ఇక సంభాషణ. 'మీరు'తో మొదలైన అద్దెగది పరిచయం 'నువ్వు' దాకా ఎప్పుడు వచ్చిందో మీకు తెలిసి ఉండాలి, ఆ ఘట్టం రాయకపోయినా సరే. 2014లో మైక్ లీ తీసిన 'మిస్టర్ టర్నర్' సినిమాను తొలి ప్రతి పూర్తయ్యేదాకా చూడకండి. ఆ నటుల ముఖాలు మళ్లీ వదలవు.

టర్నర్ 1851 డిసెంబర్ 19న చెల్సీ ఇంట్లోనే పోయాడు. చావుతో ముగించడం తేలిక కాబట్టి మానేయండి. చివర ఒక పేజీ కేటాయించి, ఏది చరిత్రో ఏది మీ కల్పనో విడదీసి చెప్పండి. వాళ్లిద్దరూ నిజంగా బతికిన మనుషులు. ఆ పేజీ లేకుండా కథను అచ్చుకివ్వకండి.