పచ్చని నరకానికి ఏ కారు?

రేసింగ్ గేమ్ ఓపెన్ చేసి గ్యారేజ్‌లోకి వెళ్లగానే మన చెయ్యి ఎటు పోతుందో అందరికీ తెలుసు. ఎర్ర ఫెరారీ వైపే. హార్స్‌పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచి కారు, టాప్ స్పీడ్ ఎంతుంటే గెలుపు అంత దగ్గర అని మన లెక్క. తిన్నని రోడ్డు మీద ఆ లెక్క సరిపోతుంది. మెలికల ట్రాక్ మీద మాత్రం మూడో మలుపుకే తేలిపోతుంది.

మా హాస్టల్లో రాత్రి మెస్ అయ్యాక గదికి నలుగురైదుగురు చేరి ఆడే ఆట ఇది. ఫెస్ట్‌లో గేమింగ్ పోటీ కూడా ఉంటుంది. ఒకరిద్దరి దగ్గర స్టీరింగ్ వీల్, పెడల్స్ ఉన్నాయి. మిగతా అందరికీ ల్యాప్‌టాప్ కీబోర్డే గతి. "వీల్ లేదు కదన్నా, మా వల్ల ఏమవుతుంది?" అని పేరు కూడా ఇవ్వకుండా ఊరుకునే జూనియర్లు నాకు తెలుసు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం. వీల్ కొనడం మన చేతిలో లేకపోవచ్చు. ఏ కారు ఎక్కాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది, పైగా దానికి పైసా ఖర్చు లేదు.

మాటలు గాల్లో తేలకుండా ఒకే గేమ్, ఒకే ట్రాక్, రెండు కార్లు తీసుకుంటాను. గేమ్ అసెట్టో కోర్సా. ట్రాక్ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె. కార్లు ఫెరారీ ఎఫ్40, మజ్దా ఎంఎక్స్-5.

ముందు ట్రాక్ సంగతి

నార్డ్‌ష్లైఫె 1927లో మొదలైంది. ఐఫెల్ కొండల్లో, అడవి మధ్యలో, ఒక్క ల్యాప్ 20.8 కిలోమీటర్లు. ఇటలీలోని మోంజా ట్రాక్ 5.8 కిలోమీటర్లే. ఎత్తుపల్లాల తేడా దాదాపు 300 మీటర్లు. దీన్ని 'పచ్చని నరకం' అన్నది జాకీ స్టీవర్ట్. ఆయన భయపడి వెనక్కి తగ్గిన మనిషి కాదు. 1968లో వానలో, మంచులో ఇక్కడే నాలుగు నిమిషాలకు పైగా తేడాతో రేసు గెలిచాడు. 1976 ఆగస్టు 1న నికీ లాడా కారు ఇక్కడ బెర్గ్‌వెర్క్ మలుపు దగ్గర అదుపు తప్పి మంటల్లో చిక్కుకుంది. ఆయన బతికి, ఆరు వారాలకే మళ్లీ రేసులో కూర్చున్నాడు. ఫార్ములా వన్ మాత్రం ఆ తర్వాత నార్డ్‌ష్లైఫెకి తిరిగి రాలేదు.

గేమ్‌లో మనకు ప్రాణభయం లేదు, నిజమే. కానీ అసెట్టో కోర్సాలో 2015లో వచ్చిన నార్డ్‌ష్లైఫె, అసలు రోడ్డుని లేజర్‌తో కొలిచి తయారు చేసింది. గతుకులతో సహా దించేశారు. ఫ్లుగ్‌ప్లాట్స్ దగ్గర రోడ్డు మూపురంలా లేస్తుంది. అక్కడ కారు తేలికైపోతుంది, దిగిన వెంటనే కుడి మలుపు. ఫుక్స్‌రోరె బాగా కిందికి జారి, అడుగున కారుని నేలకేసి నొక్కి, అక్కడి నుంచి పైకి ఎక్కిస్తుంది. పైన నెమ్మదిగా తిరగాల్సిన అడెనావర్ ఫోర్స్ట్ కాచుకుని ఉంటుంది. చాలా మలుపుల అవతల ఏముందో మలుపులోకి వెళ్లేదాకా కనపడదు.

ఇక్కడ అసలు కష్టం పొడవే. చిన్న ట్రాక్ మీద ఒక మలుపు తప్పితే ఒకటిన్నర నిమిషంలో అదే మలుపు మళ్లీ వస్తుంది. నార్డ్‌ష్లైఫెలో కొత్తవాళ్లకి ఒక ల్యాప్‌కి పది నిమిషాలు పడుతుంది. అంటే ఒక మలుపుని పదిసార్లు చూడాలంటే వంద నిమిషాలు. అది కూడా ప్రతి ల్యాప్ పూర్తి చేస్తేనే. మూడో కిలోమీటర్ దగ్గర గుద్ది రీస్టార్ట్ కొట్టేవాడు మొదటి మూడు కిలోమీటర్లే వందసార్లు నేర్చుకుంటాడు. మిగతా పదిహేడు కిలోమీటర్లు వాడికి ఎప్పటికీ కొత్తే.

ఒక సమీకరణం, రెండు తెలియని రాశులు

ఒకే సమీకరణంలో రెండు తెలియని రాశులుంటే సాధన కుదరదని పదో తరగతిలోనే చదివాం. తెలియని ట్రాక్ మీద తెలియని కారు నడపడం అచ్చం అలాంటిదే. కారు తోక విసిరింది. ఎందుకు? మలుపు అనుకున్నదానికంటే బిగువుగా ఉందా, లేక యాక్సిలరేటర్ ఎక్కువ నొక్కామా? బ్రేక్ ఆలస్యమైందా, లేక రోడ్డు కిందికి వాలుగా ఉందా? రెండూ తెలియనప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోలేం, కాబట్టి దిద్దుకోలేం.

సులువుగా చేతికొచ్చే కారు ఎక్కితే రెండిట్లో ఒకటి తెలిసిన రాశి అవుతుంది. కారు ఏం చేస్తుందో ముందే తెలుసు కాబట్టి మన దృష్టంతా రోడ్డు మీద పెట్టొచ్చు. తప్పు జరిగితే అది రోడ్డుని చదవడంలో జరిగిన తప్పేనని తెలిసిపోతుంది. కష్టమైన ట్రాక్‌కి సులువైన కారు ఎందుకు అంటే నా జవాబు ఇదే. నేర్చుకోవాల్సినవి రెండున్నప్పుడు ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకోవాలి.

పవర్ ఎక్కడ పనికిరాదు?

ఇప్పుడు కొంచెం ఫిజిక్స్. డౌన్‌ఫోర్స్ లేని కారు చదునైన మలుపులో ఎంత వేగం పట్టుకోగలదో చెప్పేది ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, మలుపు వ్యాసార్థం. ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. ఘర్షణ గుణకం 1, వ్యాసార్థం 50 మీటర్లు అనుకుంటే గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. ఇందులో హార్స్‌పవర్ ఎక్కడా లేదని గమనించండి. ఒకే రకం టైర్లు వేస్తే ఆ మలుపులో ఎఫ్40కీ, ఎంఎక్స్-5కీ హద్దు ఇంచుమించు ఒకటే.

బ్రేకింగ్ చూద్దాం. అదే ఘర్షణతో 200 వేగం నుంచి ఆగడానికి సుమారు 157 మీటర్లు కావాలి. 250 నుంచి ఆగడానికి 246. వేగం పెరిగింది పావు వంతు, దూరం పెరిగింది సగానికి పైగా. ఎక్కువ పవర్ ఉన్న కారు మనల్ని మలుపు దగ్గరికి ఎక్కువ వేగంతో తీసుకొస్తుంది. బ్రేక్ ఎక్కడ వెయ్యాలో తెలియని ట్రాక్ మీద అది వరం కాదు.

మరి లాభం ఎంత? నార్డ్‌ష్లైఫె చివర్లో డోటింగర్ హోహె అనే తిన్నని రోడ్డు రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. రెండు కిలోమీటర్లని సగటున 250తో వెళితే 28.8 సెకన్లు, 200తో వెళితే 36. లాభం ఏడు సెకన్ల చిల్లర. ఒక్కసారి కారు గిర్రున తిరిగి, ఆగి, రివర్స్ తీసి, సున్నా నుంచి మళ్లీ వేగం అందుకునేసరికి ఆ ఏడూ పోయి, పైన ఇంకొన్ని అప్పు పడతాం.

సులువైన కారుని ఎలా గుర్తుపట్టాలి?

గ్యారేజ్‌లో చూడాల్సినవి ఇవి.

ఒకటి, బరువు. తేలిక కారు త్వరగా ఆగుతుంది, చెప్పిన మాట త్వరగా వింటుంది. ఎంఎక్స్-5 బరువు ఒక టన్నుకి కాస్త అటూ ఇటూ. అందులోనూ ముందు చక్రాల మీద సగం, వెనక చక్రాల మీద సగం.

రెండు, బరువు ఎటు ఒరుగుతుంది. సిటీ బస్సు డ్రైవర్ సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలతారు. కారులో బరువూ అంతే. బ్రేక్ వేస్తే ముందు టైర్ల మీదకి, యాక్సిలరేటర్ నొక్కితే వెనక టైర్ల మీదకి వెళుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక టైర్లు తేలికై తోక జారుతుంది. ఇంజిన్ మధ్యలోనో వెనకాలో ఉన్న కార్లలో ఈ గుణం ఎక్కువ. కొత్తవాళ్లు మలుపులో చేసే మొదటి పని భయపడి యాక్సిలరేటర్ వదలడమే. కాబట్టి ఆ భయాన్ని మన్నించే కారు కావాలి.

మూడు, ఏ చక్రాలు తిప్పుతున్నాయి. ముందు చక్రాలతో నడిచే కారు హద్దు దాటితే ముక్కు తిరగకుండా బయటికి జారుతుంది. అది అండర్‌స్టీర్. వేగం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వెనక చక్రాల కారు పవర్ ఎక్కువైతే తోక విసురుతుంది. అది ఓవర్‌స్టీర్. స్టీరింగ్ ఎదురు తిప్పి పట్టుకోవాలి. కీబోర్డ్ మీద ఎడమ బాణం అంటే ఎడమ, కుడి బాణం అంటే కుడి, మధ్యలో 'కొంచెం' అనే మాట లేదు. గేమ్ కాస్త మెత్తగా సర్దినా, సన్నగా దిద్దుకోవడం కష్టమే. అందుకే కీబోర్డ్ వాళ్లకి ముందు చక్రాల అబార్త్ 500 లాంటివి కూడా మంచి మొదలే.

నాలుగు, పవర్ ఎలా వస్తుంది. ఎఫ్40లో రెండు టర్బోలు, 470కి పైగా హార్స్‌పవర్. నొక్కగానే ఏమీ జరగదు, ఒక క్షణం ఆగి మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఆ క్షణంలో మనం మలుపు మధ్యలో ఉంటే ఇక దేవుడే దిక్కు. పైగా అసలు కారులో ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు. గేమ్‌లో ఈ సాయాలని 'ఫ్యాక్టరీ' మీద పెడితే అసలు కారులో లేనిది మనకీ ఉండదు. ఎంఎక్స్-5లో ఎంత నొక్కితే అంతే వస్తుంది.

మెనూలో కనిపించే 'హ్యాండ్లింగ్' గీతని నమ్మేముందు ఒక మాట. నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ రోజుల నుంచి ఆ గీత చూసే కార్లు కొనే అలవాటు మనది. చాలా గేముల్లో ఆ గీత గ్రిప్ ఎంత ఉందో చెబుతుంది, గ్రిప్ పోయేటప్పుడు కారు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పదు. ఫార్ములా కార్లకి గ్రిప్ విపరీతం. కానీ అందులో చాలా భాగం వేగంగా వెళ్లినప్పుడు గాలి నొక్కడం వల్ల వచ్చేది. భయపడి వేగం తగ్గిస్తే ఆ గ్రిప్ కూడా తగ్గిపోతుంది. హద్దు ఎంత ఎత్తులో ఉందన్నది ఒక సంగతి, హద్దు దాటే ముందు కారు చెప్పి దాటుతుందా లేదా అన్నది ఇంకో సంగతి. మనకు కావాల్సింది రెండోది. ఎంఎక్స్-5 టైర్లు ముందే మూలుగుతాయి, ఒళ్లు ఒరుగుతుంది, తోక మెల్లగా కదులుతుంది. ఇన్నిసార్లు చెప్పాక కూడా వినకపోతేనే జారుతుంది.

"అయితే గెలవొద్దా?"

ఈ మాట చెప్పినప్పుడల్లా మా రూమ్మేట్ ఒకటే అంటాడు: "పరిగెత్తి పాలు తాగే బదులు నిలబడి నీళ్లు తాగమంటావు, అంతేగా?" కాదు. ఆ సామెత ఇక్కడ అతకదు. కారుని పూర్తిగా చేతిలో పెట్టుకున్నవాడు ఎఫ్40లో వస్తే ఎంఎక్స్-5 వాడు ఓడిపోతాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ చెయ్యి తిరగడం ఎఫ్40లో రాదు. ల్యాప్ పూర్తి చేయనివ్వని కారు ట్రాక్‌ని నేర్పదు. తక్కువ పవర్ ఉన్న కారుకి ఇంకో గుణం కూడా ఉంది. మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని అది త్వరగా తిరిగివ్వదు. తిన్నని రోడ్డు మీద తప్పుని కప్పిపెట్టే పవర్ లేదు కాబట్టి, సరైన గీత పట్టుకుని వేగం నిలబెట్టుకోవడం తప్పనిసరిగా అలవాటవుతుంది. ఎఫ్40 ఎక్కినా ఆ అలవాటు మనతోనే వస్తుంది.

ఇలా మొదలుపెట్టండి

మొదటి మూడు ల్యాప్‌లు టైమ్ చూడొద్దు. పూర్తి చేయడమే లక్ష్యం. తర్వాత ట్రాక్‌ని అయిదారు ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కలో అన్నిటికంటే ప్రమాదమైన మలుపు ఒకటి, దానికి ముందు బ్రేక్ వెయ్యాల్సిన గుర్తు ఒకటి నోట్‌బుక్‌లో రాసుకోండి. చెట్టో, బోర్డో, రోడ్డు మీద రాతలో, ఏదైనా సరే. దిగుడు రోడ్లలో ఘాట్ డ్రైవర్లలా ముందే గేర్ దించి దిగండి.

వరసగా అయిదు ల్యాప్‌లు రోడ్డు దిగకుండా, టైముల మధ్య అయిదారు సెకన్లకు మించి తేడా లేకుండా వచ్చాయా? ట్రాక్ మీకు తెలిసిన రాశి అయినట్టే. ఇప్పుడు కారుని తెలియని రాశిగా పెట్టుకోవచ్చు. ఒక్క మెట్టు పైకి వెళ్లండి, పది మెట్లు కాదు. కొత్త కారుతో రోడ్డు దిగుతుంటే పాత కారుకి తిరిగి రావడంలో నామోషీ ఏం లేదు.

ఎఫ్40 ఎక్కడికీ పోదు. గ్యారేజ్‌లోనే ఉంటుంది.