కరెంటు పోయి వచ్చినా నిలిచే లింకు

డిప్లొమాలో ఈసీఈ చదివినవాళ్లు వైర్‌లెస్ లింకుల ఉద్యోగాన్ని చిన్నచూపు చూస్తుంటారు. టవరెక్కి డిష్ బిగించడమేగా అనుకుంటారు. బిగించడం త్వరగానే వచ్చేస్తుంది. జీతం పెరిగేది ఆ తర్వాతి పనికి: రెండు వైపులా రేడియోలకు సెట్టింగులిచ్చి, అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినా లింకు మళ్లీ దానంతటదే లేచేలా చేయడం.

అందుకే ఇంటర్వ్యూలో సేవ్ గురించి అడిగితే తేలికగా తీసుకోకండి. సిస్కో పరికరాల్లో కమాండ్ కొట్టగానే మార్పు అమల్లోకి వస్తుంది కానీ రన్నింగ్ కాన్ఫిగ్‌లోనే ఉంటుంది. దాన్ని స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేయకపోతే రీబూట్‌తో పోతుంది. మైక్రోటిక్‌లో తీరు వేరు. అక్కడ విడిగా సేవ్ చేసే పని లేదు, మార్పు అప్పటికప్పుడే సేవ్ అయిపోతుంది. హాయిగానే ఉంటుంది, పొరపాటున తప్పు ఫ్రీక్వెన్సీ పెట్టేదాకా! అందుకే అందులో సేఫ్ మోడ్ ఉంది. అది ఆన్ చేసుకుని పనిచేస్తే, మధ్యలో కనెక్షన్ తెగితే చేసిన మార్పులు వెనక్కి పోతాయి. యుబిక్విటీ ఎయిర్‌ఓఎస్‌లో టెస్ట్ బటన్ ఉంటుంది. 180 సెకన్లలోగా అప్లై నొక్కకపోతే పాత సెట్టింగులే తిరిగొస్తాయి.

ఒక కంపెనీ బటన్లు బట్టీపట్టినవాళ్లు ఇంకో కంపెనీ డబ్బా ముందు తడబడతారు. ఏ డబ్బా ఇచ్చినా ముందు తెలుసుకోవాల్సింది, మార్పు ఎప్పుడు అమలవుతుంది, రీబూట్ తర్వాత ఉంటుందా, మధ్యలో నా కనెక్షన్ తెగిపోతే పాత సెట్టింగులు ఎలా వెనక్కి వస్తాయి అన్నదే.

వరుస కూడా ముఖ్యం. ఆఫీసులో కూర్చుని లింకు పాస్‌వర్డ్ మార్చాలంటే ముందు గుట్ట మీదున్న అవతలి రేడియోలో మార్చాలి, తర్వాతే మన వైపు. తిరగేసి చేస్తే లింకు తెగుతుంది, అవతలి దాన్ని మార్చడానికి దారి ఉండదు, జీపెక్కాల్సిందే.

ఇక లెక్కలు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 5 కిలోమీటర్ల దూరానికి గాల్లో నష్టం దాదాపు 122 డీబీ. యాంటెన్నాతో కలిపి 36 డీబీఎం పంపి, అవతల 23 డీబీఐ డిష్‌తో అందుకుంటే సుమారు మైనస్ 63 డీబీఎం రావాలి. స్క్రీన్ మీద మైనస్ 75 కనిపిస్తే అందాల్సిన దాంట్లో పదహారో వంతే అందుతోందన్నమాట. కొత్తవాళ్లు వెంటనే పవర్ పెంచుతారు, ఇంకొందరు మెనూలో దేశం పేరు మార్చి పరిమితి దాటిస్తారు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మనదేశంలో 2018 నుంచి చాలా భాగానికి లైసెన్స్ అక్కర్లేదు, పవర్ పరిమితి మాత్రం ఉంది. ముందు డిష్ గురి చూడండి. తర్వాత దారిలోని చెట్లు. ఈ లింకుకు నడిమధ్యలో ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్ కోసం అడ్డు లేకుండా ఉండాల్సిన చోటు) వ్యాసార్థమే 8 మీటర్లు. కంటికి ఎదురు టవర్ కనిపిస్తున్నా కొబ్బరి మట్టలు దెబ్బతీస్తాయి.

నేర్చుకోవడానికి సిస్కో వారి సీసీఎన్ఏ, మైక్రోటిక్ వారి ఎంటీసీఎన్ఏ కోర్సులు పనికొస్తాయి. చేతిలో డబ్బు లేకపోతే ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్ ఉచితం. అందులో రౌటర్‌కు పేరు మార్చి, సేవ్ చేయకుండా పవర్ స్విచ్ ఆపి మళ్లీ వేయండి, తేడా కళ్లారా కనిపిస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో రెండు పాత రేడియోలు దొరికితే రెండు డాబాల మధ్య లింకు వేయండి. రెజ్యూమెలో ‘నెట్‌వర్కింగ్ పరిజ్ఞానం’ అని రాసే బదులు ఆ లింకు దూరం, లెక్కలో వచ్చిన సిగ్నల్, నిజంగా అందిన సిగ్నల్ రాయండి. ఇంటర్వ్యూ అక్కడి నుంచే మొదలవుతుంది.