కందిచేని ఈకరెక్కల పురుగు

కందిపప్పు వండని దినము మన యిండ్లలో అరుదు. ఆ పప్పు కాయలో నుండగనే దానిని తినిపోవు ప్రాణులలో ఈకరెక్కల పురుగు ఒకటి. శాస్త్రజ్ఞులు దీనిని ఎక్సెలాస్టిస్ అటమోసా అందురు. ఇది టెరోఫోరిడే కుటుంబమునకు జేరినది. గ్రీకు భాషలో ఆ పేరునకు ఈకలు దాల్చినదని యర్థము. గ్రుడ్డు, పురుగు, ప్యూపా, రెక్కలపురుగు అని దీని జీవితమున నాలుగు దశలు గలవు.

రెక్కలపురుగు సన్నని దేహమును, పొడవైన కాళ్లును గలిగి, ఎండుగడ్డి వన్నెతో నుండును. ముందురెక్కలు రెండేసి పాయలుగను, వెనుకరెక్కలు మూడేసి పాయలుగను చీలియుండును. ఆ పాయల యంచులకు నూగు కుచ్చువలె నుండుటచే అవి పక్షియీకలను బోలును. వ్రాలినపుడు రెక్కలను ఇరుప్రక్కలకు చాచియుంచగా, బండినొగపై కాడి వేసినట్లు కనబడును.

ఆడుపురుగు మొగ్గలపైనను, పూవులపైనను, లేతకాయలపైనను గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టును. 2 మొదలు 5 దినములలో వానినుండి పిల్లపురుగులు వెడలును. పురుగు మొదట కాయ పైతోలును గీకి తినును. పిదప కాయకు రంధ్రము చేసి, తల మాత్రము లోనికి దూర్చి గింజలను తినును. కాయయీగ పిల్ల కాయలోపలనే దాగియుండును గాన మనకు కనబడదు. ఈ పురుగు దేహము వెలుపలనే యుండుటచే వెదకువారికి దొరకును. ఎదిగిన పురుగు ఇంచుమించు అర అంగుళము పొడవుండును. ఒడలెల్ల చిన్న ముండ్లును వెండ్రుకలును గలిగి, గోధుమవన్నె కలిసిన ఆకుపచ్చగా నుండును.

ఇది పట్టుపురుగువలె గూడు అల్లుకొనదు. కాయపైననే తోకకొనతో అంటుకొని ప్యూపా యగును. ఈ ప్యూపాకును వెండ్రుకలుండుటచే దీనిని పురుగే యని భ్రమపడుట సహజము. మేయకుండుటయే దీని గుర్తు. కొలది దినములలో దీనినుండి రెక్కలపురుగు వెడలును.

వానలు వెనుదీసిన పిమ్మట, కంది పూచి కాయు చలికాలమున దీని సంతతి హెచ్చును. చిక్కుడు, ఉలవ పైరులపైనను ఇది బ్రతుకగలదు.

రెక్కలపురుగునకు నమలు నోరు లేదు. అది గింజను ముట్టనేరదు. అయినను పూతకాలమున అది చేనిలో నెగురుట రైతునకు హెచ్చరిక. గ్రుడ్లు పగిలి, పిల్లపురుగులు కాయలను తొలువకముందే నూటికి 5 పాళ్ల వేపగింజల కషాయమును చల్లుట మేలు. గింజ పోయిన పిదప ఏమి చల్లినను ఆ గింజ తిరిగి రాదు. మన విద్యార్థులలో పెక్కురు రైతుబిడ్డలు. పూతకు వచ్చిన చేనిలో వారు దినమునకొకమారు పది మొక్కల మొగ్గలను, కాయలను పరిశీలించినచో, ఈ పాఠము పుస్తకమునందే నిలిచిపోక గాదెలోని గింజను కాపాడును.