గడప తగిలిందట!

మంగ రెండు రోజులుగా చదువుకు రాలేదు. మూడో రోజు బోరింగు దగ్గర కనిపించింది. చెంప కమిలి ఉంది.

"ఏమైందే మంగా?" అని రాజమ్మ అడిగింది.

"గడప తగిలి పడ్డాను వదినా."

గడప తగిలితే మోకాలు కొట్టుకుపోతుంది. చెంప ఎలా కములుతుంది? ఇంతలో ఒకామె "నువ్వేం ఎదురు చెప్పావో!" అంది. మంగ బిందె ఎత్తుకొని వెళ్లిపోయింది.

అక్కలారా, ఈ మాట విన్నాక మంగ ఇంకెవరికైనా చెప్పుకుంటుందా? ఒకప్పుడు నేనూ ఇలాగే అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

సాయంత్రం రాజమ్మ మంగ ఇంటికి పోయింది. మొగుడు లేని వేళ చూసి పోయింది. అతని ముందు అడిగితే ఆ కోపం రాత్రికి మంగ మీదే పడుతుంది. ఇద్దరూ చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు.

"నీ తప్పేం లేదే. అర్ధరాత్రయినా మా తలుపు కొట్టు" అంది రాజమ్మ.

మంగ చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంతా చెప్పింది.

"ఇంకా ఎందుకున్నావు, వచ్చెయ్" అని రాజమ్మ అనలేదు. చేతిలో డబ్బు లేదు. పుట్టింటివారు సర్దుకుపొమ్మంటున్నారు. వెళ్లిపోయే వేళే ప్రమాదం ఎక్కువ. ఏం చేయాలో మంగే తేల్చుకోవాలి.

మంగ ఆధార్ కార్డు, పిల్లల బట్టలు రాజమ్మ తన పెట్టెలో దాచింది. రేషను కార్డుకు జిరాక్సు తీయించింది. అసలుది కనబడకపోతే మొగుడు అడుగుతాడు కదా! ఇద్దరూ ఒక గుర్తు కూడా పెట్టుకున్నారు. చిన్నోడు వచ్చి "అమ్మ చక్కెర ఇమ్మంది" అంటే రాజమ్మ నలుగురిని వెంటబెట్టుకొని రావాలి.

2005లో గృహహింస చట్టం చేశారు. 2006 అక్టోబరు 26 నుండి అమలవుతోంది. కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం కూడా హింసే. ఇల్లు మొగుడి పేర ఉన్నా మంగను ఇష్టం వచ్చినట్టు గెంటడానికి వీల్లేదు.

ఈ చట్టం కింద రక్షణ అధికారులు ఉంటారు. మంగే పోనక్కరలేదు. రాజమ్మ చెప్పినా వారు వినాలి. నిజమని నమ్మి చెప్పినవారికి శిక్ష ఉండదు. అయితే ముందు మంగను అడగాలి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆగకూడదు. వెంటనే 112కు ఫోను చేయాలి. ఆడవాళ్లకు సలహా, సాయం కావాలంటే 181. ఖర్చు లేకుండా వకీలు కావాలంటే 15100.

ఈ అంకెలు పైకి చదవండి: 112, 181, 15100.

చిన్న కాగితం మీద రాయండి. గోడ మీద వద్దు. బియ్యం డబ్బాలో అడుగున పెట్టండి.