పాత పెట్రోలు జీపు ఇంజనులో మిస్సింగు: కారణములు, పరీక్షలు, నివారణోపాయములు

పంట యింటికి చేరవలసిన దినములలో బండి నడిదారిలో నిలిచిపోయినచో రైతునకు గలుగు నష్టము అందఱకు దెలిసినదే. కొందఱు రైతుల యొద్ద విల్లీస్ వారి పాత పెట్రోలు జీపులు ఇంకను వాడుకలో నున్నవి. వీనిలో 1945 మొదలు 1949 వఱకు తయారైన సి.జె. 2ఏ రకము ముఖ్యముగా వ్యవసాయపు పనులకై యుద్దేశింపబడినది. దాని ఇంజనునకు నాలుగు సిలిండర్లు కలవు. సరిగా కాపాడినచో నిది చిరకాలము పనిచేయును. కాని యిది తడబడినప్పుడు పలువురు మొదటనే ప్లగ్గులు, కాయిలు, కార్బురేటరు మార్చి ధనము వ్యయపఱచెదరు. దోషము పెక్కుమాఱులు స్వల్పవెలగల రబ్బరు గొట్టములో నుండును. కావున వస్తువులు కొనుటకు ముందు ఈ క్రింది పరీక్షలను వరుసగా జేయవలెను.

1. పెట్రోలు వచ్చు మార్గము

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు క్రింద నున్నది. అచ్చటినుండి లోహపు గొట్టము చాసిస్ వెంబడి ముందునకు వచ్చును. చాసిస్ కదలకున్నను ఇంజను అదరుచుండును గనుక, ఈ రెంటి నడుమ వంగెడు రబ్బరు గొట్టమొకటి యుండును. అది పంపునకు జేరును. పంపులోని పొరను క్యాము షాఫ్టు ఒక మీట ద్వారా క్రిందికి లాగును, స్ప్రింగు పైకి నెట్టును. ఇట్లు పెట్రోలు కార్బురేటరునకు బోవును.

ఇందు రైతులు ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. పంపునుండి కార్బురేటరు వఱకు గల భాగములో పెట్రోలు నెట్టబడును. అచ్చట చీలిక యున్నచో పెట్రోలు బయటికి గాఱి తడి కనబడును. ట్యాంకు నుండి పంపు వఱకు గల భాగములోనైతే పెట్రోలు పీల్చబడును. అచ్చట చీలిక యున్నను ఒక్క చుక్కయు బడకపోవచ్చును. దానికి బదులు గాలి లోనికి జొరబడును. అందుచేత "ఎక్కడను కాఱుట లేదు, గొట్టములు బాగున్నవి" యని తలంచుట పొరపాటు.

2. మిస్సింగు ఏ విధమైనది?

ఇంజను నిలుకడగా, ఒకే లెక్కన తడబడుచున్నచో ఒక్క సిలిండరు పనిచేయుట లేదని యెంచవలెను. ఇది తఱచు ప్లగ్గు, దాని తీగ, లేక వాల్వు దోషము. ఖాళీగా నడచునప్పుడు బాగుండి, ఎత్తు ఎక్కునప్పుడును బరువు లాగునప్పుడును అన్ని సిలిండర్లును తడబడి, కార్బురేటరు లోనికి తుమ్మినట్లు శబ్దము వచ్చినచో పెట్రోలు చాలుట లేదని యనుమానింపవలెను. నల్లని పొగ వచ్చి ప్లగ్గులు మసిబాఱినచో పెట్రోలు హెచ్చుగా బోవుచున్నదని యర్థము.

3. ట్యాంకు, గొట్టముల పరీక్ష

(అ) కొంతదూరము పోయి ఇంజను ఆగినచో వెంటనే ట్యాంకు మూత విప్పుడు. గాలి లోనికి పీల్చుకొను శబ్దము వినబడినచో మూతలోని గాలిరంధ్రము పూడినదని తెలియవలెను. దానిని శుభ్రపఱచినంతనే బండి నడచును.

(ఆ) రబ్బరు గొట్టమును చేతితో వంచి చూడవలెను. సన్నని పగుళ్లున్నను, మెత్తబడి యున్నను మార్చవలెను. కొన్ని పాత గొట్టములు పైకి బాగుండి లోపలి పొర యూడి దారి మూసికొనును.

(ఇ) అనుమానము తీఱనిచో చిన్న డబ్బాలోని పెట్రోలును క్రొత్త గొట్టముతో నేరుగా పంపునకు గలిపి ఇంజను నడపి చూడవలెను. డబ్బాను ఇంజను వేడికి దూరముగా గట్టిగా బిగింపవలెను. అప్పుడు తడబాటు పోయినచో దోషము ట్యాంకునకును పంపునకును నడుమ గలదు. పోనిచో పంపునందో, దాని తరువాతనున్న భాగములందో వెదుకవలెను. దారిని ఇట్లు సగము సగముగా విడదీసి చూచుట వలన కాలము, ధనము రెండును మిగులును.

లోహపు గొట్టముల కీళ్లవద్ద టేపు చుట్టరాదు. దాని పోగులు కార్బురేటరు సూదివాల్వులో జిక్కుకొనును.

4. పంపు పరీక్ష

పంపునకు గాజుగిన్నె యున్నచో దానిని విప్పి అడుగున జేరిన నీటిని, మట్టిని తీసివేసి జల్లెడను కడుగవలెను. మరల బిగించునప్పుడు దాని వాషరు చెడియున్నచో మార్చవలెను. అచ్చటనే గాలి జొరబడును.

తరువాత బ్యాటరీ తీగ విప్పి, కార్బురేటరు కడనున్న గొట్టము నూడదీసి డబ్బాలోనికి ద్రిప్పి, హ్యాండిలుతో ఇంజనును త్రిప్పవలెను. పెట్రోలు విడతలు విడతలుగా బలముగా జిమ్మవలెను. బుడగలతో వచ్చినచో గాలి చేరుచున్నది.

పంపు పొర చినిగినచో పెట్రోలు ఇంజను ఆయిలులోనికి దిగవచ్చును. ఆయిలు కొలపుల్లపై మట్టము పెరిగినను, పెట్రోలు వాసన వచ్చినను బండిని నడపరాదు. పలుచబడిన ఆయిలుతో నడపినచో బేరింగులు కాలిపోవును. పొర మార్చి, ఆయిలు కూడ మార్చిన పిమ్మటనే నడపవలెను.

5. వేసవిలో గలుగు ఇబ్బంది

ఈ ఇంజనులో పొగగొట్టపు మానిఫోల్డును, పంపును ఎడమవైపుననే యున్నవి. మండువేసవిలో గొట్టములోని పెట్రోలు ఆవిరియై పంపు లాగలేకపోవును. బండి ఆగి, చల్లాఱిన పిదప మరల నడచుట దీని గుర్తు. పంపుపై తడిగుడ్డ వేసిన ఉపశమనము గలుగును. కాని కాగియున్న మానిఫోల్డుపై నీరు పోయరాదు, పోత ఇనుము పగులవచ్చును. గొట్టమును వేడికి దూరముగా జరిపి బిగించుటయే శాశ్వతమైన యుపాయము.

6. ఇథనాలు కలిసిన పెట్రోలు

2025 నాటికి మన దేశమున విక్రయింపబడు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపబడుచున్నది. ఇది పాతకాలపు రబ్బరును ఉబ్బించి చెఱచును, ట్యాంకులోని పాత జిగురును కదలించి జల్లెడను పూడ్చును. తేమను కూడ పీల్చుకొనును. కావున గొట్టములను, పంపు పొరను ఇథనాలునకు తట్టుకొను రకముతో మార్చుట అవసరము. బండిని నెలల తరబడి నిలుపునప్పుడు పాత పెట్రోలును ట్యాంకులో నుంచరాదు.

7. నిప్పురవ్వకు సంబంధించిన దోషములు

పెట్రోలు మార్గము సరిగా నున్నట్లు తేలిన పిదప వీనిని చూడవలెను. ప్లగ్గుల ఎడము 0.030 అంగుళము, పాయింట్ల ఎడము 0.020 అంగుళము ఉండవలెను. సిలిండర్లు మండు వరుస 1, 3, 4, 2. తీగలు మాఱిపోయినచో ఇంజను ఎదురుతన్నును. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పనిచేయనిచో వాని నడుమ హెడ్ గ్యాస్కెట్టు కాలినదేమో చూడవలెను.

8. హెచ్చరిక

పెట్రోలు గొట్టములను విప్పునప్పుడు ఇంజను చల్లాఱి యుండవలెను. బ్యాటరీ తీగను ముందుగా విప్పవలెను. బీడీ, దీపము దాపున నుండరాదు. ఇసుక బక్కెట్టు చెంత నుంచుకొనవలెను. ఈ పనిని గడ్డివాము దగ్గఱను, పశువుల కొట్టములోను జేయరాదు. నిప్పురవ్వ పరీక్షలు పెట్రోలు తడి పూర్తిగా ఆఱిన పిమ్మటనే చేయవలెను.

ప్రతి సంవత్సరము కోతలకు ముందు ఒక పూట వెచ్చించి మూత, గొట్టములు, జల్లెడ, పంపు, ఆయిలు మట్టము ఈ అయిదింటిని పరీక్షించుకొను రైతునకు బండి నడిదారిలో నిలుచుట అరుదుగా నుండును.