బడి ఊడ్చేదెవరు?

'కోత' అనే మాట మన పిల్లలకు కొత్త కాదు. వరికోత విన్నారు, సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు కరెంటు కోత చూశారు. ఈ పాఠంలో బడ్జెట్ కోత గురించి తెలుసుకుందాం. బడ్జెట్ అంటే రాబోయే ఏడాదికి ముందుగా వేసుకునే జమాఖర్చుల లెక్క.

సూర్‌లో మన పిల్లలు చదివే ఇండియన్ స్కూలు మనం కట్టే ఫీజుల మీద నడుస్తుంది. ఊళ్ళో సర్కారు బడి అలా కాదు. సుద్దముక్క నుంచి టీచరు జీతం దాకా ప్రభుత్వమే ఇవ్వాలి. తెలంగాణ బడ్జెట్‌లో విద్య వాటా 2014-15లో సుమారు 11 శాతం. 2023-24కు అది 7 శాతం లోపుకు దిగింది. రూపాయలు పెరిగాయి, వాటా తగ్గింది. ఈ తేడా పిల్లలు గమనించాలి.

పర్మనెంటు ఉద్యోగి జీతం ముట్టుకోవడం కష్టం. తాత్కాలికంగా పెట్టుకున్నవారినైతే మళ్ళీ పిలవకపోతే చాలు. కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడిన బడులు 2021 సెప్టెంబరు 1న తెరిచినప్పుడు జరిగింది అదే. ఖాళీ పోస్టుల్లో పాఠాలు చెప్పిన సుమారు 12,000 మంది విద్యా వాలంటీర్లను తిరిగి తీసుకోలేదు. గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే సుమారు 28,000 మంది స్కావెంజర్లనూ తీసుకోలేదు. వాలంటీరుకు ఇచ్చింది నెలకు 12,000 రూపాయలు. స్కావెంజరుకు రెండు మూడు వేలే!

శుభ్రం చేసే పనిని పంచాయతీలకు, మున్సిపాలిటీలకు అప్పగించారు. వాళ్ళ సిబ్బందికి ఊరి వీధులతోనే సరిపోతుంది, బడికి రోజూ ఎక్కడ రాగలరు? మనిషిని తీసేశారు గానీ దుమ్ము ఎక్కడికీ పోలేదు. కొన్ని బడుల్లో టీచర్లే తలా కొంత వేసుకుని మనిషిని పెట్టుకున్నారు. కొన్నిచోట్ల చీపురు పిల్లల చేతికొచ్చింది. మరుగుదొడ్డి బాగా లేక పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగకుండా ఉండే ఆడపిల్లల బాధ మన అమ్మలకు వేరే చెప్పనక్కర్లేదు. వాలంటీరు లేని చోట ఉన్న టీచరే రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాల్సి వచ్చింది. ఒక తరగతికి లెక్కలు చెబుతుంటే, పక్క వరుస ఎక్కాలు రాసుకుంటూ ఉంటుంది.

2024 జూలైలో ప్రభుత్వం మళ్ళీ శుభ్రతకు డబ్బు ఇవ్వడానికి ఉత్తర్వు ఇచ్చింది. బడిలోని పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా ఇస్తారు. 30 మంది దాకా ఉంటే 3,000. 31 నుంచి 100 మందికి 6,000. మనిషిని పెట్టుకునేది తల్లులున్న కమిటీయే కావడం మాకు నచ్చింది.

అభ్యాసం: 90 మంది పిల్లలున్న బడికి నెలకు ఎంత వస్తుంది? 25 పనిరోజులనుకుంటే రోజుకు ఎంత? అందులో ఫినాయిలు, చీపుర్లు పోగా ఊడ్చే మనిషికి ఎంత మిగులుతుంది? అమ్మానాన్నలతో కూర్చుని లెక్కకట్టి, వచ్చే వారం తరగతికి తీసుకురండి.